‘లెక్క’ – మూడు అర్థాలు: కంప్యూటర్ యుగంలో ఒక నైతిక పరిశీలన

కంప్యూటర్ వల్ల మానవజీవితానికి మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్న ప్రశ్న మన దగ్గర చాలాకాలంగా వక్తృత్వ పోటీల అంశంగానే మిగిలిపోయింది. ఒక పక్షం వేగాన్ని, సమాచార విస్తృతిని ఏకరువు పెడుతుంది. మరొక పక్షం ఒంటరితనాన్ని, నిద్రలేమిని, తగ్గిపోతున్న పఠనాసక్తిని ఎత్తి చూపుతుంది. చివరకు అధ్యక్షులవారు దేనినైనా మితంగా వాడుకోవాలని చెప్పి సభ ముగిస్తారు. ఆ తీర్పులో తప్పేమీ లేదు. కాని మేలు పొందే మనిషి, ఒత్తిడి భరించే మనిషి ఒక్కరేనని అది ముందుగానే ఒప్పుకొని మొదలవుతుంది. తక్కెడ ఆ మనిషి చేతిలోనే ఉన్నదని, ఏ పళ్లెంలో ఎంత వేయాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ కూడా ఆ మనిషికే ఉన్నదని భావిస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల అనుభవం ఈ భావనను సమర్థించడం లేదు. ఇక్కడ సౌకర్యం ఒకరికి దక్కుతుంటే దానికి తగినట్లు తనను తాను మార్చుకొనే శ్రమ మరొకరి మీద పడుతున్నది. కాబట్టి సమతుల్యం అనే మాటను వ్యక్తిగత నియమంగా కాక, మనుషుల మధ్య న్యాయంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ఆలోచన నాకు గ్రంథాలయంలో కాక ఒక రేషన్ దుకాణం దగ్గర మొదలైంది. మా అమ్మమ్మ జగిత్యాల ప్రాంతంలో యాభై ఏళ్లుగా బీడీలు చుడుతున్నది. నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టే ఆ పనిలో బొటనవేలు, చూపుడువేలు ఎంతగా అరిగిపోతాయో ఈ జిల్లాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. తాత పోయిన తరువాత కార్డులో ఆమె ఒక్క పేరే మిగిలింది. ఒక నెల ఆమె వేలిముద్ర యంత్రానికి అందలేదు. వేలు తుడిచి పెట్టింది, తడిపి పెట్టింది, పది వేళ్లూ మార్చి మార్చి పెట్టింది. “ఏలు పడ్తలేదు అవ్వా, సిస్టం తీస్కుంటలేదు, మల్ల రా” అన్నాడు డీలరు. అతడు చెడ్డవాడేమీ కాదు, తన చిన్ననాటి నుంచి ఆమెను ఎరిగినవాడే. ఇంటికి వచ్చి కూర్చున్న తరువాత ఆమె నాతో అన్నది: “యాభై ఏండ్ల సంది బీడీలు లెక్కవెట్టిన వేళ్లు గివి. గిప్పుడు గివి లెక్కల లేవంటరా బిడ్డా?”

ఆ ప్రశ్నలో ‘లెక్క’ అన్న మాట రెండుసార్లు వచ్చింది, కాని రెండుసార్లూ ఒకే అర్థంలో రాలేదు. తెలుగు విద్యార్థిని కావడం వల్ల నా దృష్టి ముందుగా ఆ మాట మీద పడింది. బియ్యం సంగతి ఆ తరువాతనే తోచింది. ఇది నా తప్పే.

ఎంచడం, మన్నించడం, పోల్చుకోవడం

సంస్కృత ‘లేఖ్య’ శబ్దం ప్రాకృతంలో ‘లెక్ఖ’గా మారి, తెలుగులో ‘లెక్క’ అయింది. హిందీ ‘లేఖా’ దీనికి తోబుట్టువు. అంటే మూలంలో రాయడానికీ లెక్కించడానికీ మధ్య ఎడం లేదు, రాతకెక్కినదే లెక్కకెక్కినది. అయితే తెలుగులో ఈ మాట సంఖ్య దగ్గరే ఆగిపోలేదు. ‘వాడు ఎవరినీ లెక్కచేయడు’, ‘మా మాట లెక్కలోకి తీసుకోలేదు’, ‘ఎంత లెక్కలేనితనం!’ అన్నప్పుడు లెక్క అంటే ఆదరం, ఎదుట ఒక మనిషి ఉన్నదన్న గుర్తింపు. ఇది అరువు పదానికి కాకతాళీయంగా అంటుకొన్న అర్థం కాదు. అచ్చతెలుగు ‘ఎంచు’ ధాతువుకూ ఇదే స్వభావం ఉంది. ఎంచడం అంటే లెక్కపెట్టడం, తలచడం, గొప్పగా భావించడం కూడా. ‘ఎన్నదగిన’ అన్న విశేషణం అక్కడి నుంచే వచ్చింది. తత్సమాలైన ‘గణనీయం’, ‘అగ్రగణ్యుడు’ కూడా ఈ దారిలోనివే. ఎంచడానికి, మన్నించడానికి ఈ భాష ఒకే మాట వాడుకొన్నదంటే, లెక్కపెట్టేవాడికి ఎదుటివాడిపై పట్టింపు ఉంటుందన్న ఒక పాత నమ్మకం దాని వెనుక ఉండి ఉండాలి.

తెలంగాణ వాడుకలో దీనికి మూడవ అర్థం ఉంది. ‘చిన్నపిల్లగాని లెక్క ఏడుస్తున్నడు’, ‘మనిషి లెక్క బతుకు’, ‘నా లెక్కనే నువ్వు గూడ’. ఇతర ప్రాంతాల వారు ‘వలె’, ‘లాగా’ అనే చోట మనం ‘లెక్క’ అంటాము. దీనిని మాండలిక విశేషంగా గుర్తించి వదిలేయడం పరిపాటి. కాని ఒక మనిషి మరొక మనిషితో ‘నా లెక్కనే నువ్వు’ అనడంలో ఉన్నంత నీతి మరే అర్థంలోనూ లేదని నా అభిప్రాయం. లెక్కించబడడం ఒక మెట్టు, మన్నన పొందడం రెండవది, తనవంటి ప్రాణిగా పోల్చుకోబడడం మూడవది.

కంప్యూటర్ అనేది మౌలికంగా లెక్క యంత్రం. మొదటి అర్థంలోని లెక్కను అది మన పూర్వులు ఊహించలేనంత దూరం తీసుకుపోయింది. ఇందులో విచారించవలసినది ఏమీ లేదు. పదకొండవ శతాబ్దిలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చుకొన్న సాహిత్యం మనది, లెక్కతో మనకు పాత స్నేహమే. మొదటి అర్థంలోని లెక్క పెరిగితే రెండవది, మూడవది వాటంతట అవే పెరుగుతాయని నమ్మడం దగ్గరనే చిక్కు వచ్చింది.

పట్వారీ కలం, ధరణి తెర

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యంత్రానికి ముందు మన గ్రామాలలో మనిషిని మనిషి మన్నించిన కాలం ఒకటి ఉండేదని చెబితే అది అబద్ధమవుతుంది. నిజాం పాలన నుంచి 1984లో రద్దయ్యే వరకు తెలంగాణ పల్లెలో భూమి లెక్క పట్వారీ చేతిలో ఉండేది. సేత్వార్, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, ఏటేటా రాసే పహాణీ – ఈ మాటలు వినగానే చేతులు కట్టుకొని నిలబడిన రైతులు మన కథాసాహిత్యం నిండా ఉన్నారు. ఒక్క గీతతో పట్టాదారు పేరు మారిపోయేది. పట్వారీకి ఎదుటివాని కులం తెలుసు, అప్పు తెలుసు, చదువు రాదన్న సంగతి తెలుసు. అన్నీ తెలిసి లెక్కచేయకపోవడం అతని అధికారం. తెరకు కులం తెలియదు. ఒక దళిత స్త్రీ మీసేవా కేంద్రానికి పోయి, ఎవరి గడప ముందూ నిలబడకుండా తన సర్వే నంబరు వివరాలు ముద్రించిన కాగితం అందుకొన్నప్పుడు జరిగింది చిన్న విషయం కాదు. ఆ మేలును తక్కువచేసి మాట్లాడే హక్కు చదువుకొన్నవారికి అసలే లేదు.

ఈ మేలు వెంట వచ్చినదేమిటో కూడా చూడాలి. 2017 సెప్టెంబరులో రాష్ట్రమంతటా భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ దగ్గరి శాలపల్లిలో రైతుబంధు పథకం ఆరంభమైంది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. రికార్డులో పట్టాదారుగా ఉన్న పేరుకే చెక్కు. 2020 సెప్టెంబరులో గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ రద్దయింది. ఆ ఏడాది అక్టోబరు 29న ధరణి అందుబాటులోకి వచ్చింది. తహసీలుదారు కార్యాలయంలో ఒకే పూట రిజిస్ట్రేషను, పేరు మార్పు రెండూ పూర్తికావడం ఎంతో మందికి నిజంగా ఊరట. అయితే పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఒకటి ఉండేది. భూమి ఎవరి పేరున ఉన్నా, దానిని ఎవరు దున్నుతున్నారో అందులో రాసేవారు. ధరణి డిజిటల్ రికార్డులో ఆ గడి లేకపోయింది. కౌలు రైతు పొలంలో ఉన్నాడు, రికార్డులో లేడు. తెల్లకాగితం మీద సాదాబైనామా రాయించుకొని, పైకం చెల్లించి, ఇరవై ముప్పై ఏళ్లుగా సాగు చేస్తున్నవారి పరిస్థితీ అంతే. వారి దరఖాస్తులు లక్షల సంఖ్యలో పడి ఉండిపోయాయి. పొరపాటు దిద్దాలంటే పైఅధికారికి అప్పీలు చేసుకొనే మెట్టు కూడా ఆ ఏర్పాటులో లేకపోయింది, సివిల్ కోర్టుకు పోవలసి వచ్చేది. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చి అప్పీలుకు, సాదాబైనామాల పరిష్కారానికి దారి తెరిచింది. ఆ మధ్య గడచిన నాలుగున్నర ఏళ్లను మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

ఇందులో కంప్యూటర్ దోషం ఎంత? నిజానికి ఏమీ లేదు. గడి ఉంచాలా, తీయాలా అన్నది మనుషుల నిర్ణయం. యంత్రం చేసింది ఆ నిర్ణయాన్ని కనబడకుండా చేయడం. దీనిని వ్యాకరణం సహాయంతో మరింత స్పష్టంగా చూడవచ్చు. తెలుగుకు కర్మణి ప్రయోగం సహజం కాదని మన వ్యాకర్తలు చెబుతూ వచ్చారు. పని చేసినవాడిని ముందు నిలబెట్టడమే ఈ భాష నడక. ‘పట్వారీ రాయలేదు’, ‘దొర ఇవ్వలేదు’ అన్నప్పుడు అన్యాయం ఉన్నా కర్త ఉన్నాడు. కర్త ఉన్నాడు కనుకనే ఎదురు తిరగడానికి ఒక ముఖం ఉంది. తెలంగాణ పోరాట చరిత్ర అంతా ఆ ముఖాలను గుర్తుపట్టిన చరిత్రే. ‘సిస్టం తీస్కుంటలేదు’ అన్న వాక్యంలో కూడా కర్త ఉంది, వాక్యం నిర్దోషంగానే ఉంది. కాని ఆ కర్తకు ముఖం లేదు. డీలరు చేతులు శుభ్రం. అతని పైఅధికారి చేతులూ శుభ్రం. నియమం రాసినవారు, యంత్రం కొన్నవారు, దాన్ని ఊరికి పంపినవారు అందరూ ఈ ఒక్క కర్త వెనుక దాగి ఉన్నారు. పట్వారీది తెలిసి చేసే లెక్కలేనితనం, దీనిది తెలియకుండానే జరిగే లెక్కలేనితనం. మొదటిదానిలో అవమానం ఉంది. రెండవదానిలో అవమానించేవాడు కూడా లేకపోవడం ఉంది. ఏది ఎక్కువ బాధాకరమో బయటనుండి తేల్చగలనని నేను అనుకోను.

1966లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో మనిషితో సంభాషించే తొలి ప్రోగ్రాములలో ఒకటైన ఎలైజాను తయారుచేసిన జోసెఫ్ వైజన్‌బామ్, పదేళ్ల తరువాత రాసిన గ్రంథంలో తన విద్యకే ఒక హద్దు గీశాడు. కంప్యూటర్ ఏ పని చేయగలదన్నది ఒక ప్రశ్న, ఏ పని దానికి అప్పగించకూడదన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండవది తీరిపోదని ఆయన వాదం. ఒకరి గోడు విని తీర్పు చెప్పడానికి ఎంత చురుకైన లెక్కా చాలదన్నది ఆయన నిశ్చయం. అయినా, మన సందర్భంలో ఈ హద్దును ఉన్నదున్నట్టుగా తెచ్చుకోలేము. ఇక్కడ విని తీర్పు చెప్పవలసిన మనిషే తరతరాలుగా వినలేదు. అందుకే యంత్రాన్ని తీసి మనిషిని తిరిగి కూర్చోబెట్టడం పరిష్కారం కాజాలదు.

పాత దస్త్రంలో దాచుకోదగినది ఒకటి ఉంది. ఉర్దూ రికార్డులలో చివరి గడిని ‘కైఫియత్’ అనేవారు. తెలుగు దస్త్రాలలో అది ‘షరా’. మిగతా గడులలో ఇమడని సంగతి అందులో రాసేవారు: బావి ఉమ్మడిది, అన్న కొడుకు పట్నంలో ఉన్నాడు, దావా నడుస్తున్నది. మెకంజీ సేకరింపజేసిన గ్రామచరిత్రలకు కూడా కైఫియత్తులనే పేరు వచ్చిందని సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. అంటే గడిలో పట్టనిదే చరిత్ర అయింది. పాత కాగితానికి అంచు ఉండేది, దాని మీద ఎవరో ఒకరు పెన్సిలుతో ఒక మాట రాయగలిగేవారు. ధరణి తెరకు అటువంటి అంచు లేకపోయింది, కావాలనుకొంటే ఉండేది. కైఫియత్ గడి ఒకటి పెట్టి, అందులో చెప్పుకొన్నది చదివి పేరుతో సంతకం చేసి జవాబివ్వవలసిన బాధ్యత ఒక మనిషికి అప్పగిస్తే, అక్కడ లెక్క రెండవ అర్థంలోకి అడుగుపెడుతుంది. అందుకు యంత్రం వేగం తగ్గించనక్కరలేదు. అది మిగిల్చిన సమయాన్ని ఈ పనికి వాడుకొంటే చాలు.

ఇది పాతతరం కొత్త యంత్రాన్ని చూసి జంకడం కాదా అని కొందరు అడగవచ్చు. కరీంనగర్ జిల్లా వంగర నుంచి వచ్చి, మంథని శాసనసభ్యుడై, ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పూనుకొన్న పి.వి. నరసింహారావు అరవై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకొన్నారు. ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’గా హిందీలోకి మార్చిన ఓపికే అక్కడా పనికి వచ్చి ఉంటుంది. కాబట్టి వయసు అడ్డం కాదు. నేర్చుకోవడానికి తీరిక, తప్పు చేసినా నష్టపోని స్థితి ఉండడమే అసలు తేడా. అవి ఉన్నవారికి కంప్యూటర్ ఆటవస్తువు, లేనివారికి పరీక్ష. 2020 సెప్టెంబరు 1న రాష్ట్రంలో ఆన్‌లైన్ తరగతులు మొదలైనప్పుడు ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేలలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన పిల్లలు కూడా ఈ పరీక్ష రాసినవారే.

గుంజాల అక్షరాలు

లెక్క మూడు అర్థాలలోనూ నెరవేరిన సందర్భం ఒకటి ఇదే ఆదిలాబాద్‌లో ఉండడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం. 1940ల్లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు పిల్లలకు చదువు మొదలైనప్పుడు గోండీ వాచకాలు దేవనాగరిలో అచ్చయ్యాయి. అప్పటికి ఆ భాషకు సొంత లిపి ఉన్న సంగతి బయటివారి దృష్టికి రాలేదు. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో కొందరు పెద్దల ఇళ్లలో చేతిరాత పుస్తకాలు ఉన్నాయి. ఆ లిపి చదవగలిగినవారు కొద్దిమందే మిగిలారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయన బృందం ఆ ఊరికి పోయి, ఆ పెద్దల పక్కన కూర్చొని, అక్షరం అక్షరం అడిగి నేర్చుకొన్నారు. ఆ తరువాతనే ఫాంటు, వాచకం వచ్చాయి. 2018 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 11.0లో గుంజాల గోండి లిపికి స్థానం దక్కింది. మున్షీ మంగల్‌సింగ్ మసారాం 1918లో రూపొందించిన మరొక గోండి లిపి అంతకు ముందు ఏడాదే యూనికోడ్‌లో చేరింది.

యూనికోడ్ చేసేది లోకంలోని ప్రతి అక్షరానికి ఒక సంఖ్య ఇవ్వడం, అంతకు మించి ఏమీ కాదు. అది అచ్చమైన మొదటి అర్థంలోని లెక్క. అయినా కొద్దిమంది పెద్దల దగ్గర మిగిలిన అక్షరం, లోకాన్ని ఏలుతున్న ఆంగ్లాక్షరం ఒకే పట్టికలో, ఒకే హోదాతో నిలబడ్డాయి. ‘నా లెక్కనే నువ్వు’ అని ఒక లిపి మరొక లిపితో అనగలిగిన తావు అది. ఆ తావును ఏర్పరచింది కూడా కంప్యూటరే. ఇది సాధ్యమైన వరుసను గమనించాలి. ముందు మన్నన, తరువాత లెక్క. ముందు పెద్దల పక్కన కూర్చోవడం, తరువాత సంకేతసంఖ్య. రేషన్ దుకాణం దగ్గర ఈ వరుస తిరగబడింది. లెక్కలో పడితేనే మన్నన అన్నారు.

(ఈ అక్షరాలు గూడెం పిల్లల ఫోనులోకి వచ్చాయా, బడిలో నిలిచాయా అన్నది వేరుగా క్షేత్రపరిశీలన చేయవలసిన విషయం. పట్టికలో చోటు దొరకడమే భాష బతకడం కాదు.)

నా సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం ఎదుటివారికి నీతి చెప్పినట్లవుతుంది. పరిశోధకుడిగా నేను పూర్తిగా మేలు పొందిన పక్షం. ముందుతరం పరిశోధకులు బస్సులు మారి వెళ్లి, అనుమతి అడిగి, చేత్తో రాసుకొన్న ప్రతులను నేను ఇంట్లో కూర్చొని తెరమీద చూస్తున్నాను. ఒక పదం వెతికితే ఒక సాయంత్రంలోనే పుటలకు పుటలు దొరుకుతాయి. అలా దొరికిన ఒక్క పుట మాత్రమే చదివి ఒక గ్రంథాన్ని ప్రస్తావించిన సందర్భాలు నా సిద్ధాంతవ్యాసం తొలి ప్రతిలో ఉన్నాయి. వాటిని గుర్తించి ఆ గ్రంథాలు మొత్తం చదివేసరికి ఏడు నెలలు పట్టింది, రెండు చోట్ల నా వాదమే తప్పని తేలింది. ఆ రచయితలను నేను వెతికాను, లెక్కచేయలేదు. ఇంకొక మాట: ఈ జిల్లాల నుంచి వచ్చిన చిన్న కవితా సంకలనాలు చాలావరకు డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతో తయారైనవి. యూనికోడ్ కానందువల్ల వెతుకులాటకు అవి అందవు. వెతికితే దొరికినదే సాహిత్యమని నమ్మే పరిశోధన పద్ధతి స్థిరపడితే, కరీంనగర్‌లో అచ్చయిన కవి కూడా వేలు పడని అవ్వ లెక్కనే అవుతాడు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం సిద్ధాంతవ్యాసంలో సామ్యం పది శాతం లోపు ఉండాలి. ఆ నిబంధన అవసరమే. నేను చదవకుండా ప్రస్తావించిన గ్రంథాల సంగతి మాత్రం ఆ శాతంలో తేలదు.

అమ్మమ్మకు మరుసటి నెల ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. అప్పటి నుంచి బియ్యం ఇచ్చే రోజులు దగ్గరపడితే ఆమె నాలుగు రోజుల ముందే ఆకు ముట్టడం మానేస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు వేళ్లకు కొబ్బరినూనె రాసుకొంటుంది. దుకాణంలో ఇప్పుడు చిక్కేమీ లేదు. ఆ నాలుగు రోజులకు ఎంత కూలి పోతుందని ఒకసారి అడిగాను. వేళ్ల మీద లెక్కవెట్టి చెప్పింది.